పట్టపగటి కారు దీపములు

సూర్యుని ముందు దివిటీ పట్టుట మనవారి మాటలో వెఱ్ఱితనమునకు పెట్టిన పేరు. విజయవాడ బందరు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నము ఒక స్కూటరు ముందు దీపముతో వచ్చినచో, ఎదుటివాడు గుప్పిలి మూసి తెఱచి, మూసి తెఱచి, దీపము ఆర్పుకొమ్మని సైగ చేయును. పాపము, అతనిది పరోపకారబుద్ధియే. కాని 2017వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున తయారగుచున్న ద్విచక్ర వాహనములకు ముందు దీపమును ఆర్పు మీటయే లేదు. ఇంజను తిరుగుచున్నంతసేపును ఆ దీపము వెలుగుచునే యుండును. అది మఱపు కాదు, నిబంధన.

కార్లలోను, ముఖ్యముగా ఇటీవలి కార్లలో, యజమాని ప్రమేయము లేకయే వెలుగు దీపములు సామాన్యమైనవి. అమెరికా, కెనడా దేశములలో కాపురమున్న మన తెలుగు కుటుంబములవారికి ఇవి చిరకాలముగా పరిచితములే. క్రొత్త కారు ఇంటికి వచ్చిన కొలది దినములకే ఒక ప్రశ్న పుట్టును: ఈ దీపములను ఆర్పుట ఎట్లు?

ప్రశ్న చిన్నది. పెక్కు కార్లలో సమాధానము కూడ రెండు నిమిషముల పనియే. అయితే ఏ దీపమును ఆర్పుచున్నామో ఎఱుగక ఆర్పినచో, చీకటివేళ మన వెనుక వచ్చువానికి మన బండి కనబడదు. ఆర్పకుండ విడిచినను కొన్ని కార్లలో అదే ప్రమాదము కలదు. కనుక మీటను త్రిప్పుటకు ముందు ఆ మీట వెనుక ఏమి యున్నదో కొంత తెలిసికొనుట అవసరము.

జనులు రెండు వేర్వేరు ఏర్పాట్లను ఒక్కటిగా భావించుచున్నారు. మొదటిది పగటి దీపము. ఇంజను నడచుచుండగా కారు ముందుభాగమున మాత్రమే వెలుగు చిన్న దీపమిది. దీనివలన దారి కనబడదు. కనబడవలసిన పనియు లేదు. ఎదుటివారికి మన బండి కనబడుటకే ఇది పుట్టినది. ఐక్యరాజ్యసమితి యూరపు ఆర్థిక సంఘము వెలువరించిన 87వ నిబంధన ననుసరించి దీని వెలుగు 400 కాండెలాలకు తగ్గరాదు, 1200 మించరాదు. కాండెలా యనగా ఇంచుమించు ఒక క్రొవ్వొత్తి వెలుగు. రెండవది స్వయంచాలకమైన ముందు దీపము. చీకటిపడినదని కారే గ్రహించి అసలు ముందు దీపములను, వానితోపాటు వెనుక ఎఱ్ఱ దీపములను వెలిగించును. ఇది మనము చూచుటకును, పరులకు కనబడుటకును కూడ ఉపయోగించును. ఒకటి పగటికి, రెండవది రాత్రికి. ఈ రెంటికి నడుమనున్న సందెవేళలోనే చిక్కంతయు నున్నది. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

పగటి దీపము ఉత్తరదేశముల బిడ్డ. ఫిన్లాండు దేశమున 1972లో చలికాలమందు ఊరి వెలుపలి రోడ్లపై పగలు కూడ దీపములు వెలిగింపవలెనని నిర్ణయించిరి. స్వీడను 1977లో అన్ని కాలములకును, అన్ని రోడ్లకును నియమము పెట్టినది. తరువాత నార్వే, ఐసులాండు, డెన్మార్కు అదే త్రోవ త్రొక్కినవి. ఆ దేశములవారికి ఈ యోచన ఏల కలిగినదో భూగోళపటము చెప్పును. డిసెంబరు మాసపు చివరలో స్టాక్‌హోము నగరమున మధ్యాహ్నము పన్నెండు గంటలకు సూర్యుడు దిగంతమునకు ఏడు డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. అనగా మన ఊళ్లలో సాయంకాలము పొలమునుండి పశువులు ఇంటికి మరలు వేళ ఎండ ఎట్లుండునో, వారికి నడిమధ్యాహ్నమే అట్లుండును. ఎండ కండ్లలో పడి ఎదుటి బండి నీడలో కలిసిపోవును. అదే దినమున హైదరాబాదులో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ప్రకాశించుచుండును. మనకు సూర్యుడు క్రుంకిన ఇంచుమించు 23 నిమిషములకు చీకట్లు క్రమ్ముకొనును. వారికి వేసవి సందెవెలుగు గంటల తరబడి సాగును. ఒక దేశపు అవసరము మఱియొక దేశమునకు అదే కొలతతో వర్తించునని చెప్పలేము.

కెనడా ప్రభుత్వము 1989 డిసెంబరు 1వ తేదీ తరువాత తయారైన క్రొత్త బండ్లన్నింటికిని పగటి దీపములుండవలెనని శాసించినది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో అవి అనుమతింపబడినవే కాని నిర్బంధము కాలేదు. జనరల్ మోటార్స్ కంపెనీ 1995 మోడళ్లనుండి తన బండ్లకు వీనిని అమర్చుచు వచ్చి, దేశమంతటికి నిర్బంధము చేయుడని 2001లో ప్రభుత్వమునకు విజ్ఞాపన చేసికొన్నది. అమెరికా రహదారి భద్రతాశాఖ ప్రమాదముల లెక్కలు పరిశీలించి 2008లో ప్రకటించిన అధ్యయనమున, పగటి దీపములవలన మొత్తముమీద నిశ్చయముగా చెప్పదగిన ప్రయోజనము కనబడలేదు. 2009లో ఆ విజ్ఞాపన త్రోసివేయబడినది. యూరపు సమాజమువారు మాత్రము 2011 ఫిబ్రవరినుండి క్రొత్తరకపు కార్లన్నింటికి ఈ దీపములను విధించిరి.

ఆస్ట్రియా కథ విచిత్రమైనది. ఆ దేశమున 2005 నవంబరునుండి పగలు కూడ దీపములు వెలిగించి నడపవలెనని చట్టము చేసి, 2008 జనవరి 1వ తేదీన దానిని రద్దుచేసిరి. కార్లన్నియు వెలుగుచుండగా దీపములేని పాదచారి, సైకిలువాడు కంటికి ఆనరని, మోటారు సైకిలువాని దీపమునకు ఇంతకు ముందున్న ప్రత్యేకత పోవునని అచట వాదము చెలరేగినది. ఈ వాదమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. పందిరిలో పది పెట్రోమాక్సు దీపములు పెట్టిన పిమ్మట మూలనున్న ప్రమిద ఎవరికి కనబడును?

ఇక కారు చీకటిని ఎట్లు గ్రహించునో చూతము. ముందు అద్దమునకు దిగువన, డాష్‌బోర్డుమీద, చిన్న శనగగింజవలెనో, బొత్తామువలెనో నల్లని గాజు బుడిపె యొకటి యుండును. కొన్ని కార్లలో అది లోపలి అద్దము వెనుక నుండును. దానినే సెన్సారందురు. దానిపై పడు వెలుతురునుబట్టి దానిగుండా ప్రవహించు విద్యుత్తు హెచ్చుచు తగ్గుచుండును. ఆ హెచ్చుతగ్గులను కొలిచి కారులోని యంత్రగణకము పగలు, రాత్రి నిర్ణయించును. వెలుతురును లక్సులలో కొలుతురు. మన మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. ఐక్యరాజ్యసమితి సంఘమువారి 48వ నిబంధనలో చెప్పిన కొలతలివి: వెలుతురు 1000 లక్సులకు తగ్గినచో రెండు సెకండులలో ముందు దీపములు వెలుగవలెను. 7000 మించినచో అవి ఆరవలెను. కాని వెంటనే కాదు, అయిదు సెకండులకు పైబడి, మున్నూరు సెకండులలోపల. ఈ రెండు కొలతల నడుమ ఏమి చేయవలెనన్నది తయారుచేయువాని యిష్టము.

వెలుగుటకు తొందర, ఆరుటకు తాత్సారము. ఇందులో ఇంగితమున్నది. వంతెన క్రిందుగా, మఱ్ఱిచెట్ల వరుసక్రిందుగా పోవునపుడు ఎండ, నీడ గడియకొకసారి మాఱుచుండును. మాఱినప్పుడెల్ల దీపములు వెలుగుచు ఆరుచున్నచో ఎదుటివాడు మనమేదో సంజ్ఞ చేయుచున్నామనుకొనును. సొరంగము దాటి ఎండలోనికి వచ్చిన పిమ్మటను దీపములు కొంతసేపు వెలుగుచున్నవని కారు చెడిపోయినదని భయపడనక్కఱలేదు.

ఇచట మనవారి కార్లకు సంబంధించిన ముచ్చట యొకటి చెప్పవలెను. డాష్‌బోర్డుమీద వేంకటేశ్వరస్వామి ప్రతిమయో, వినాయకుడో, ఒక పూలదండయో లేని తెలుగువారి కారు అరుదు. ఆ ప్రతిమ సరిగా సెన్సారుపైననే కూర్చున్నచో కారుకు పట్టపగలే చీకటిపడును. మధ్యాహ్నము దీపములన్నియు వెలుగును. పాటల పెట్టె తెర రాత్రివలె మసకబారును. మెకానికువద్దకు పోవుటకు ముందు స్వామిని నాలుగు అంగుళములు ప్రక్కకు జరిపి చూచుట మంచిది. తువ్వాలు, టోల్ రసీదులు, దినపత్రికలకును ఇదే వర్తించును. దీపములు వెలుగకుండ చేయవలెనని సెన్సారుపై నల్లని పట్టీ అంటించువారు కొందఱు కలరు. ఫలితము తలక్రిందులు. చీకటిని చూచిన సెన్సారు దీపమును ఆర్పదు, వెలిగించును.

ఇప్పుడు అసలు ప్రమాదమునకు వచ్చెదము. పగటి దీపము కారు ముందు మాత్రమే వెలుగునని చెప్పితిని. పెక్కు కార్లలో దానితో వెనుక ఎఱ్ఱ దీపములు వెలుగవు. పట్టణపు వీధులలో స్తంభముల దీపములు మెండు. సందెచీకటిలో కారు ఎక్కినవానికి ముందు గోడపై ఏదో వెలుగు కనబడును. ఎదురుగా వేగము చూపు పలక కాంతివంతముగా నుండును. దీపములు వెలిగినవని నమ్మి అతడు బయలుదేరును. పూర్వపు కార్లలో ముందు దీపము మీట వేసినగాని వేగము చూపు పలక వెలుగెడిది కాదు. పలక చీకటిగా నున్నచో దీపములు వేయలేదని వెంటనే తెలిసెడిది. ఇప్పటి పలకలు పగలు, రాత్రి యనక వెలుగుచునే యుండును. ఆ విధముగా ఒక పాత హెచ్చరిక మనకు తెలియకుండగనే మాయమైనది. వీధిదీపములు దాటి జాతీయ రహదారిపైకి వచ్చుసరికి కారు ముందు మసకవెలుగు, వెనుక కటికచీకటి. వెనుకనుండి లారీ వచ్చుచున్నచో ఆ డ్రైవరుకు ఈ బండి ఏమాత్రమును ఆనదు. ఆనుసరికి బ్రేకు వేయుటకు జాగా చాలదు.

కెనడాలో ఇట్టి బండ్లకు దయ్యపు బండ్లని పేరు పెట్టిరి. పగటి దీపములను మొదట శాసించిన దేశములలో నొకటియైన ఆ కెనడాయే, ముప్పది యేండ్లు గడచిన పిమ్మట, తాను కల్పించిన సౌకర్యమునుండి పుట్టిన ఈ కీడును సవరింపవలసి వచ్చినది. 2021 సెప్టెంబరు 1వ తేదీనుండి అచటి క్రొత్త బండ్లకు మూడింటిలో నొకటి యుండవలెను: పగటి దీపముతోపాటు వెనుక దీపములును వెలుగుట, లేదా చీకటిపడగానే దీపములన్నియు తామై వెలుగుట, ఏదియు కానిచో, డ్రైవరు దీపములు వేయువఱకు పలక చీకటిగా నుండుట. మూడవది పాతకాలపు పద్ధతియే. నా మట్టుకు నాకు అదియే మిక్కిలి నచ్చినది. నడుపువానికి బుద్ధి చెప్పుటకు చీకటికంటె మించిన గురువు లేడు.

పొగమంచునందు స్వయంచాలక దీపము కూడ మోసపోవును. సంక్రాంతి దినములలో హైదరాబాదు, విజయవాడల నడుమ రహదారిపై తెల్లవారుజామున మంచు క్రమ్ముట కలదు. సూర్యోదయమైన తరువాత ఆ మంచు పాలవలె తెల్లగా మెఱయుచుండును. యాబది గజముల దూరమున నున్న బస్సు మనకు కనబడదు. కాని సెన్సారునకు కావలసినంత వెలుతురు చిక్కుచున్నది. అది పగలేయని నిశ్చయించి ముందు దీపములను వెలిగింపదు, వెనుక దీపములను వెలిగింపదు. జడివానలోను అంతియే. సెన్సారు కొలుచునది వెలుతురును, మన చూపు ఆను దూరమును కాదు. అట్టి సమయములలో మీటను ‘ఆటో’ అను గుర్తునుండి త్రిప్పి చేతితోనే దీపములు వేసికొనవలెను.

ఆర్పవలసిన సందర్భములు లేకపోలేదు. సైనిక స్థావరముల ద్వారములవద్ద కావలివాడు దీపము తగ్గింపుమనును. అమెరికాలో కారులోనే కూర్చుండి చూచు ఆరుబయలు సినిమాలు నేటికిని కొన్ని యున్నవి. అచట తెరకు ఎదురుగా దీపము వెలిగినచో చుట్టుప్రక్కలవారు ఊరకొందురా? అడవిలో జంతువులను చూడబోవువారికి, నిదురించు పసిబిడ్డ కిటికీ ముందు కారు నిలుపువారికి కూడ ఈ యవసరము కలుగును. వీరందఱికి కావలసినది తాత్కాలికముగా ఆర్పుట. శాశ్వతముగా పీకివేయుట వేఱు సంగతి.

తాత్కాలికమునకు పెక్కు కార్లలో తయారుదారుడే దారి చూపియుండును. అమెరికాలో అమ్ముడగు జనరల్ మోటార్స్ కార్లు పెక్కింటిలో దీపముల మీటను ఒకసారి ‘ఆఫ్’ వైపు త్రిప్పి విడిచినచో పగటి దీపములును, స్వయంచాలక దీపములును ఆ ప్రయాణమునకు ఆరును. తిరిగి తాళము త్రిప్పినపుడు యథాప్రకారము వచ్చును. అదే కారు కెనడాలో కొన్నచో, గేరు ‘పార్కు’లో నున్నప్పుడు మాత్రమే ఆర్పనిచ్చును. కొన్ని కార్లలో ఇంజను వేయుటకు ముందే హ్యాండు బ్రేకు పూర్తిగా లాగియున్నచో, దానిని విడుచువఱకు పగటి దీపము వెలుగదు. నిలిచియున్న బండికి ఇది చక్కని ఉపాయము. కాని ఈ కిటుకు తెలిసిన కొందఱు బ్రేకును ఒక్క పన్ను లాగి అట్లే నడుపుచుందురు. బ్రేకు రాయుచు వేడెక్కి అరిగిపోవును. దీపమును ఆర్పుటకై బ్రేకును చెఱుపుకొనుట ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లే.

ఇటీవలి కార్లలో తెరమీద దీపముల పట్టికలో పగటి దీపమునకు వేఱుగా ఒక గుర్తు ఉండవచ్చును. దానిని తీసివేసినచో చాలును. ఆ పట్టికలోనే, తాళము వేసిన తరువాత ముందు దీపములు ఎన్ని సెకండులు వెలుగవలెనో నిర్ణయించు వరుస కూడ నుండును. చీకటిలో ఇంటి గడపవఱకు దారి చూపుటకై చేసిన ఏర్పాటది. బాటరీ దిగిపోవునని కంగారుపడి ఫ్యూజు లాగువారు ఈ వరుసనే ముందుగా చూడవలెను. కొన్ని కంపెనీలవారి కార్లలో ఈ మార్పును యజమాని చేయలేడు. వర్క్‌షాపులో గణకయంత్రము తగిలించి వారే చేయవలెను.

ఫ్యూజు లాగుట, రిలే తీసివేయుట, తీగ కత్తిరించుట అన్నవి కడపటివి. నేను చేయవద్దనియే చెప్పెదను. ఒక ఫ్యూజు ఒక్క దీపమునకే యుండునన్న నియమము లేదు. పగటి దీపమునకై లాగిన ఫ్యూజుతో మఱియొక దీపము ఆరవచ్చును. మఱునాడు వానలో దాని అవసరము పడినపుడుగాని ఆ సంగతి తెలియకపోవచ్చును. కొన్ని కార్లలో పగటి దీపమునకు వేఱే బల్బు ఉండదు. దూరపు దీపమునే తగ్గించిన విద్యుత్తుతో వెలిగింతురు. అట్టి కారులో బల్బు ఊడదీసినవాడు రాత్రి దూరపు దీపమును కూడ పోగొట్టుకొన్నవాడగును.

చట్టము మాట. అమెరికాలోని డిట్రాయిటు నగరమునకును, కెనడాలోని విండ్సరునకును నడుమ ఒక్క నదియే అడ్డము. దానిపై నున్న పాత వంతెన పేరు, మనవారు నవ్వుకొనునట్లు, అంబాసిడరు. వంతెనకు ఈవలివైపున పగటి దీపము కారున్నవాని యిష్టము. ఆవలివైపున క్రొత్త బండికి అది నిర్బంధము. అమెరికానుండి కారును శాశ్వతముగా కెనడాకు తరలించువారు, ఆ కారుకు పదునైదేండ్లు నిండనిచో, పగటి దీపములు లేకున్న అమర్పింపవలసి యుండును. ఉద్యోగము మాఱి ఇట్లు వంతెన దాటు కుటుంబములు ఈ సంగతి ముందే తెలిసికొనుట మేలు.

మన దేశమున ద్విచక్ర వాహనములకు వేఱుగా మీట అమర్చి దీపమును ఆర్పించుకొనువారు కనబడుచున్నారు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము తయారుదారుడు నిర్ణయించిన రూపును యజమాని తన యిష్టానుసారము మార్చుటను నిషేధించుచున్నది. చట్టము అట్లుండగా, కారు మలుపు తిరుగుచున్నవానికి ఎదుటినుండి వచ్చు బస్సు కనబడును, లారీ కనబడును. సన్నని మోటారు సైకిలు ఆ రెంటి నడుమ మఱుగుపడును. ఆ దీపము అతనికొఱకే. గుప్పిలి మూసి తెఱచు సైగను కార్లకు చేసినను ఫరవాలేదు గాని, మోటారు సైకిలువానికి చేయనక్కఱలేదు.

కారు దీపముల ఏర్పాటులో ఏ మార్పు చేసినను, చేయించినను, ఆ సాయంకాలము చీకటిపడిన తరువాత బండిని ఇంటి గోడకు ఎదురుగా నిలిపి ఇంజను వేయుడు. ఇంటివారిలో ఒకరిని బండి వెనుకకు పంపుడు. మీట ‘ఆటో’లో నున్నప్పుడొకసారి, ‘ఆఫ్’లో నున్నప్పుడొకసారి, చేతితో దీపములు వేసినప్పుడొకసారి, వెనుక ఎఱ్ఱ దీపములు రెండును వెలుగుచున్నవో లేదో వారిని కేకవేసి చెప్పమనుడు. పిమ్మట పగటివేళ సెన్సారుపై అరచేయి కప్పి, మీటను ‘ఆటో’లో నుంచి, దీపములు వెలుగుటకు ఎంతసేపు పట్టునో లెక్కపెట్టుడు. ఈ పరీక్షకు మెకానికుతో పనిలేదు. పదేండ్ల పిల్లవాడు తోడున్న చాలును.